ఆరో సీముకు చేరని పాఠం

నమోదు 1 – సోమవారం

సంహిత అనే పిల్ల ఈ రోజు మా బడికి వచ్చింది. రోజూ జరిగింది జరిగినట్టు ఫోన్‌లో రాసుకోమంది. ప్రాజెక్టుకు అవసరమట. "మీకేమనిపిస్తే అది రాయుండ్రి మేడం. నేను చదవ. చివర్ల మీరే చూసుకొని నాకు నోటితోని చెప్తే చాలు" అంది. చదవనంది కాబట్టి దాచుకోకుండా రాస్తున్నాను.

నేల కింద ఒక్కో బొగ్గు పొరను ఒక్కో సీము అంటాం. రెండో సీములో పాలిటెక్నిక్ ఉంది. ఈ పిల్ల అక్కడ ఫోన్లకు ప్రోగ్రాములు రాసే చదువులో ఆఖరి ఏడాది. నిజమైన బడికి, నిజమైన మనుషులకు పనికొచ్చేది ఒకటి చేసి చూపిస్తేనే పట్టా ఇస్తారు. పైన ఎండలకు తాళలేక జనం ఈ పాత బొగ్గు బాయిలోకి దిగిన రోజున ప్రతి ఇంటివాళ్లూ తమ ఫోన్లను కూడా చంకనేసుకొచ్చారు. కింద సిగ్నల్ అన్న మాటే లేదు. అవి ఫోటోలు చూసి ఏడవడానికి, పిల్లలను జోకొట్టడానికి తప్ప దేనికీ పనికిరాకుండా మూల పడి ఉన్నాయి. వాటిలోకి పాఠాలు ఎక్కించాలన్నది ఆమె ఆలోచన. ఆలోచన మంచిదే, కాదనను.

నాది ఆరో సీములో పెద్దలబడి. పైన పొలాలు పట్టుకుని వేలాడి వేలాడి ఆఖర్న దిగినవాళ్లకు అక్షరాలు నేర్పుతాను. ఇక్కడ చదువు రానివాళ్లకు దీపం ఇవ్వరు. దీపం లేనివాళ్లు తోడు లేకుండా సీము దాటకూడదు. బోర్డులు చదవలేక ఎవరైనా చెడ్డ గాలిలోకో, నీళ్లలోకో పోతారని కమిటీ భయం. ఆ భయం సబబైనదే.

అంతా విని సరేనన్నాను. అప్పుడు ఆ పిల్ల చెప్పింది, "మూడో సీము వినోదక్క కూడా ఇందుల ఉంటది మేడం. మీరిద్దరు కలిసి చేస్తే మస్తుంటది."

వినోద అక్క, నేను మేడం. వినోదను కలిసి ఆ పిల్లకు వారమైనా కాలేదు.

నమోదు 2 – బుధవారం

ఈ రోజు ప్లాను వేశాం. సంహిత సుద్దముక్క పట్టుకుని బొగ్గు గోడ మీద గుండ్రాలు గీస్తూ పోయింది. నేను చాయ్ పెట్టి ఇచ్చాను.

సిగ్నల్ లేని చోట పాఠం ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు ఎట్లా పోవాలి? అదీ చిక్కు. ఆ పిల్ల దానికి మా అలవాటునే పట్టుకుంది. బాయిలో ఇద్దరు ఎదురైతే ఆగాలి. దీపం ఛాతీ దాకా ఎత్తి, "గాలి ఎట్లుంది?" అని అడగాలి. ఎదుటి మనిషి తాను వచ్చిన దారిలో గాలి ఎలా ఉందో, నీళ్లు ఊరుతున్నాయో, పైకప్పు నుంచి పెళ్లలేమైనా రాలాయో చెబుతాడు. ఇవతలి మనిషి తన దారి సంగతి చెబుతాడు. చెప్పుకునేదాకా ఇద్దరూ కదలరు. ప్రాణాలతో ముడిపడిన మాట కాబట్టి నడక రాకముందే పిల్లలకు ఇది వస్తుంది.

"మనం ఎట్లాగూ ఆగుతం గద మేడం. ఆగినప్పుడు రెండు ఫోన్లు దగ్గరుంటయ్. ఆ జరసేపట్ల పాఠం ఇటు నుంచి అటు పోతది. ఎవలు ఏం నొక్కే పని లేదు" అంది సంహిత. పాలిటెక్నిక్‌కు దగ్గర కాబట్టి కొత్త పాఠం మొదట మూడో సీములో పెడతారు. అక్కడి నుంచి మనుషుల వెంట నడుచుకుంటూ మా దాకా వస్తుంది. అక్షరాలతో పాటు దారుల బోర్డులు కూడా పాఠాల్లోనే ఉంటాయి.

నేను ఊరుకుంటానా. "పాఠం ఒక ఆగుడు కంటే పొడుగుండొద్దు. ఉంటే సగమే వస్తది" అన్నాను. ఆ పిల్ల కళ్లు మెరిశాయి. నా ఒళ్లు కాస్త పొంగింది.

"వినోదక్క కూడ గిదే అన్నది" అంది.

చాయ్ గ్లాసులు కడగడానికి లేచాను.

మేము మాట్లాడుకుంటుండగానే పోశవ్వ వచ్చి గుమ్మంలో కూర్చుంది. పుట్టగొడుగుల మడుల్లో పని చేస్తుంది, చేతులకు ఎప్పుడూ తడిమన్ను ఉంటుంది. కూతురు సునంద మూడో సీములో కాపురం ఉంటోంది. తొలి కాన్పు, అత్త లేదు. పోశవ్వకు దీపం లేదు కాబట్టి అక్కడికి పోవాలంటే షిఫ్టు మారేటప్పుడు ఎవరో ఒకరిని బతిమాలాలి.

"పంతులమ్మా, నా బిడ్డకు నెలలు నిండుతున్నయ్. దీపం చేతికొస్తే నేనే పోత. రేపు నొప్పులొచ్చినాక ఎవల గడుపలు వట్టుకొని తిరుగాలె?" అంది.

"కాన్పు లోపల్నే నీకు దీపం ఇప్పిస్త" అన్నాను. సంహిత కూడా తల ఊపింది. ఈ ప్రాజెక్టు ఎందుకని ఎవరైనా అడిగితే నేను పోశవ్వను చూపిస్తాను.

నమోదు 3 – శనివారం

పాఠాలకు ఒక గొంతు కావాలి. సంహిత నా గొంతూ, వినోద గొంతూ రికార్డు చేసి రెండూ మా బడిలోనే వినిపించింది. నా బడిలో, నా శిష్యుల ముందు.

నేను "ద" చెబితే గోడ అవతలివాళ్లకు కూడా వినబడుతుంది. ఇన్నేళ్లూ ఎవరూ వంక పెట్టలేదు. సంహిత మాత్రం తల గోక్కుంటూ, "మీ గొంతుల దమ్మున్నది మేడం. ఫోన్ల మాత్రం జర కోపంగ వినిపిస్తది" అంది.

నాకు కోపమెక్కడిది, అని గట్టిగా అడిగాను. అందరూ నేల చూపులు చూశారు.

వినోద గొంతు ఎట్లా ఉంటుందంటే, నవ్వబోయి ఆపుకున్నట్టు ఉంటుంది. మేమిద్దరం ఒకే చోట ట్రైనింగు అయ్యాం. అప్పుడూ ఇంతే. నేను పాఠం చెబితే సూపర్‌వైజరు "సరిగా ఉంది" అని రాసుకునేవాడు, ఆమె చెబితే రాసుకోవడం మరచిపోయి వింటూ కూర్చునేవాడు. ఆమె వండిన పుట్టగొడుగుల కూర కూడా అందరికీ అమృతమే. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

చివరికి పోశవ్వ కూడా అంది. "ఆ బిడ్డ చెప్తాంటే బువ్వ కలిపి నోట్ల పెట్టినట్టున్నది."

వినోద గొంతే ఖాయమైంది. నేను "మంచిది, పని కావాలి గానీ గొంతుదేముంది" అన్నాను. ఇంటికొచ్చి ఆకలి లేదని పడుకున్నాను. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, వినోదకు జలుబు చేసి నెల రోజులు గొంతు పోతే బాగుండునని కూడా అనుకున్నాను.

నమోదు 4 – మంగళవారం

పాఠాలు వస్తున్నాయి. ఐదో పాఠం దాకా మా సీములో అందరి ఫోన్లకూ చేరింది. పోశవ్వ మడుల దగ్గర ఫోన్ రాతి మీద పెట్టుకుని, పనిచేస్తూ వినోదతో పాటు అక్షరాలు పలుకుతోంది. పలుకుతుంటే చూశాను. అది నేను నేర్పిన "అ" కాదు. వినోద పలికే "అ".

ఈ రోజు కలుపు దారిలో వినోద ఎదురైంది. మూడో సీమునూ ఆరో సీమునూ కలిపే పొడుగాటి సొరంగాన్ని కలుపు దారి అంటాం. ఆమె పక్కన సంహిత ఉంది. ఆ పిల్ల చెయ్యి వినోద భుజం మీద ఉంది. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి ఏదో తింటూ, దేనికో విరగబడి నవ్వుతూ వస్తున్నారు. నన్ను చూడగానే సంహిత చెయ్యి తీసేసి "నమస్తే మేడం" అంది.

వినోద దీపం ఎత్తింది. "గాలి ఎట్లున్నది భూలక్ష్మీ?"

నేను దీపం దించుకుని పక్కనుంచి వెళ్లిపోయాను.

దీపం దించుకోవడం అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. ఇక్కడ అన్నదమ్ములు పంపకాల్లో కొట్టుకుంటే దించుకుంటారు. తిట్టుకన్నా పెద్దది, చెంపదెబ్బకన్నా పెద్దది. వెనకనుంచి సంహిత "మేడం" అని ఒక్కసారి పిలిచింది. ఆ పిలుపు హాయిగా ఉంది.

నమోదు 5 – గురువారం

మొగిలి అని ఒకడున్నాడు మా బడిలో, మా సీము పంపుల దగ్గర పనిచేస్తాడు. మంగళవారం నా వెనకాలే వస్తూ అంతా చూశాడట. బడిలో అందరికీ చెప్పాడు. ఈ రోజు తెలిసిందేమిటంటే, మా సీమువాళ్లెవరూ మూడో సీమువాళ్లకు ఆగడం లేదు. ఎదురైతే దీపం దించుకుని పోతున్నారు; పని ఉన్నా మూడో సీము దాకా పోవడం లేదు.

"ఎందుకురా?" అని అడిగాను.

"మా పంతులమ్మకు కోపమొచ్చిందంటే మాకు రానట్టా?" అన్నాడు మొగిలి. మిగతావాళ్లు అవునన్నట్టు చూశారు.

వద్దని చెప్పాల్సింది. చెబుదామని నోరు తెరిచాను కూడా. కానీ ఇంతమంది నా పక్షాన నిలబడటం నా జన్మలో ఎప్పుడూ చూడలేదు. "సరే, పలకలు తీయండి" అన్నాను.

నమోదు 6 – సోమవారం

ఆరో పాఠం మా సీముకు రాలేదు. ఏడోదీ రాలేదు.

సంహిత పొద్దున్నే వచ్చి మా బడి నేల మీద చాప వేసుకుంది. ఒళ్లో నాలుగు ఫోన్లు. రెండు పక్కపక్కన పెడితే పాత పాఠం టక్కున పోతోంది. "నా దగ్గర పోతున్నది మేడం. మీ సీముల మాత్రం పోతలేదు. ప్రోగ్రాంల ఎక్కడనో తప్పు జేసిన" అంటుంది. మళ్లీ మొదటి నుంచీ చదువుతుంది. గోళ్లు కొరుకుతుంది.

తప్పెక్కడుందో నాకు తెలుసు. పాఠం నడిచేది మనుషుల ఆగుడు మీద. ఆగుడు లేదు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నం అన్నం పెట్టాను. మొహమాటపడుతూనే రెండోసారి వడ్డించుకుంది.

నమోదు 7 – గురువారం

సంహిత మూడో సీముకు పోవడం మానేసింది. తప్పు మా వైపే ఉందని ఆమె నమ్మకం కాబట్టి రోజంతా ఇక్కడే ఉంటోంది. మా ఇంట్లో తింటోంది. నిన్న నా దువ్వెనతో జడ వేసుకుంది. ఆమెకు మక్క గటుక ఇష్టమని, చిన్నప్పుడు పైనుంచి దిగేటప్పుడు ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుందని, లెక్కల సారంటే భయమని నాకిప్పుడు తెలుసు. ఇవి వినోదకు తెలుసో లేదో. తెలియదనే అనుకుంటున్నాను.

"ఈ తప్పు దొరకకుంటే నా ప్రాజెక్టు ఒప్పుకోరు మేడం. ఏడాది పోతది" అంది గటుక కలుపుకుంటూ.

"దొరుకుతది, తిను" అన్నాను. ఇంత మాట ఎట్లా అనగలిగానో నాకే ఆశ్చర్యం. కానీ తప్పు దొరికితే ఆ పిల్ల ఈ చాప చుట్టుకుని వెళ్లిపోతుంది.

కలుపు దారి మొదట్లో ఈ రోజు వినోద కనిపించింది. దూరం నుంచే, "భూలక్ష్మీ, జర ఆగు, చెప్పేదున్నది" అని కేకేసింది. రాజీకి వచ్చిందనుకున్నాను. ఆమె రాజీకి వస్తే నేను చిన్నదాన్నవుతాను. పక్క దారిలోకి తిరిగిపోయాను.

నమోదు 8 – ఆదివారం

పోశవ్వ దీపం పరీక్ష ఎల్లుండి. కమిటీలో ఓదేలు అని ఉన్నాడు, పరీక్షలు పెట్టేది ఆయనే. పరీక్ష అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక దీపం అప్పుగా ఇచ్చి, ఒంటరిగా పంపిస్తారు. బోర్డులు చదువుకుంటూ మూడో సీము మొగదాకా, అంటే అది మొదలయ్యే వాకిలి దాకా పోవాలి. అక్కడ ఓదేలు కూర్చుని ఉంటాడు. చేరితే ఆ దీపం నీదే.

"మిగతా పాఠాలు రాలే గద, నేను కూడ వినలే. వాయిదా వేస్తే?" అంది సంహిత.

"ఫోన్ లేనప్పుడు నేను చదువు చెప్పలేదా?" అన్నాను.

నిజం చెప్పాలంటే నాకు పట్టుదల వచ్చింది. వినోద గొంతు లేకుండా, నా గొంతుతో పోశవ్వను గట్టెక్కించాలి. మూడు రోజులుగా ఆమెను కూర్చోబెట్టి దారంతా వల్లె వేయిస్తున్నాను. "కలుపు దారి. తర్వాత పాత బాయి, అటు పోవద్దు. తర్వాత నీళ్ల తొట్టి. నేరుగ నడువు. పంపు దారి అని బోర్డు వచ్చేదాక నడువు. రాంగనే కుడికి మళ్లు. మొగ కనిపిస్తది." పలక మీద ప్రతి బోర్డూ రాశాను. పోశవ్వ వేలితో దిద్దుతూ చదివింది, ఒక్కటి తప్పలేదు.

"పంపు దారి వచ్చేదాక నడువాలె. గంతే గదా?" అంది.

"అంతే" అన్నాను. సంహిత చూస్తుండగా అంది ఆ మాట. నాకు గర్వంగా ఉంది.

నమోదు 9 – మంగళవారం

పోశవ్వ మూడో సీముకు చేరలేదు.

పొద్దున కొత్త రవిక తొడుక్కుని వచ్చింది. బిడ్డకోసం మెత్తటి పాత చీర ముక్కలు మడిచి సంచిలో పెట్టుకుంది. "పరీచ్చ అయినంక అటే సునంద దగ్గరికి వోత" అంది. దీపం ఎత్తి పట్టుకుని కలుపు దారిలోకి పోతుంటే మా బడి మొత్తం నిలబడి చూసింది.

చేరాల్సిన వేళ దాటింది. అన్నం వేళ కూడా దాటిపోయింది. ఓదేలు మూడో సీము వైపు నుంచి ఒక్కడే వచ్చాడు. "మీ అవ్వ రాలే" అన్నాడు. నేను, మొగిలి, సంహిత ఆయన వెంట పరుగెత్తాం.

నీళ్ల తొట్టి దాటి, ఇంకా దాటి, దారి పల్లానికి దిగి నీళ్లలో కలిసిపోయే చోట దొరికింది. అంచున కూర్చుని ఉంది. దీపం మోకాళ్ల మీద పెట్టుకుంది. సంచి తడవకుండా నెత్తిన పెట్టుకుంది.

"పంపు దారి బోర్డు రాలే బిడ్డా. వచ్చేదాక నడువుమంటివి గదా, నడిచిన. నీళ్లచ్చినయ్. ఎవలన్న వస్తరేమోనని ఆగిన" అంది.

ఓదేలు నా వైపు తిరిగాడు. "పంపు దారి నీళ్లల్ల మునిగింది గద పంతులమ్మా. ఆ బోర్డు తీసేసి పది దినాలాయె. కొంచెం ఇవతల్నే కొత్త మలుపు తవ్వినం. మూడో సీములో అందరికి ఎరుకే. మీకు ఆరో పాఠంల చెప్పిండ్రు గద?"

"కొత్త మలుపు అని ఒక బోర్డు సదివిన" అంది పోశవ్వ. "నువ్వది చెప్పలే గదా అని ఇడిసిపెట్టిన."

ఆరో పాఠం. వినోద "జర ఆగు, చెప్పేదున్నది" అన్న మాట. ఆగి గాలి ఎట్లుందని అడిగి ఉంటే మా సీములో ఏ ఒక్కడికైనా ఎవడో ఒకడు చెప్పేవాడు, పంపు దారి మూసేశారని. ఆగడమన్నది ఎందుకు పుట్టిందో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియలేదు.

మూడో సీముకు చేరేసరికి సునందకు కాన్పు అయిపోయింది. నెలలు పూర్తిగా నిండకముందే పొద్దున నొప్పులు మొదలయ్యాయట. ఆడపిల్ల. అమ్మ బయలుదేరింది, వస్తోంది, ఇప్పుడే వచ్చేస్తుంది అని చెప్పుకుంటూ సునంద గుమ్మం వైపే చూసిందట. ఆమె తల ఒళ్లో పెట్టుకుని బిడ్డ పుట్టేదాకా కూర్చున్నది వినోద.

మేము వెళ్లేటప్పటికి వినోద బయట చేతులు కడుక్కుంటోంది.

నమోదు 10 – బుధవారం

పోశవ్వ బడికి వచ్చి పలక నా ముందు పెట్టింది. "ఇగ నాకొద్దు పంతులమ్మా. నా బుర్రల మన్నున్నది. నువ్వు మంచిగనే చెప్పినవు, నాకే ఎక్కలే" అంది.

అవతల సంహిత చాప మీద కూర్చుని ప్రోగ్రాము మొత్తం చెరిపి మళ్లీ రాస్తోంది. ఇది రెండోసారి.

ఇద్దరూ తమదే తప్పనుకుంటున్నారు. నేను నోరు మూసుకుంటే ఇద్దరూ అట్లాగే అనుకుంటూ పోతారు. ఒకామె జన్మంతా తోడుకోసం గడపలు పట్టుకుని తిరుగుతుంది. ఒక పిల్ల ఏడాది పోగొట్టుకుంటుంది. ఇంత జరిగాక కూడా, చెప్పడానికి నాలుక లేవడానికి చాలాసేపు పట్టింది.

చెప్పాను. అందరి ముందూ చెప్పాను. ప్రోగ్రాములో తప్పు లేదని, పోశవ్వ బుర్రలో మన్ను లేదని, నేను వినోద మీద ఓర్వలేక దీపం దించుకున్నానని, నన్ను చూసి మీరంతా ఆగడం మానేస్తే వద్దనలేదని, పాఠం అక్కడే ఆగిపోయిందని. సంహిత ఇక్కడే ఉండిపోతుందన్న ఆశతో తెలిసీ చెప్పలేదని కూడా అన్నాను. అది చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది.

మొగిలి తల దించుకున్నాడు. ముందుగా మాట్లాడింది పోశవ్వ.

"అంటే నేను సదివింది తప్పు గాదా?"

"కాదు."

"బోర్డులన్ని మంచిగనే సదివిననా?"

"ఒక్కటి కూడా తప్పు చదవలే. ఆ కొత్త మలుపు కూడా సరిగ్గనే చదివినవ్. నేనే చెప్పలే."

ఆమె ముఖం విచ్చుకుంది. నన్ను తిడుతుందనుకుని నేను గుండె గట్టి చేసుకుని ఉన్నాను, ఆ సంతోషానికి సిద్ధంగా లేను. పలక తిరిగి చేతిలోకి తీసుకుంది. అంతలో ఆ ముఖమే మెల్లగా మారిపోయింది.

"నా బిడ్డ నన్ను పిలుస్తాంటే, నేను నీళ్లకాడ కూసున్న" అంది.

కొంగుతో ముక్కు తుడుచుకుని, "మల్ల పరీచ్చ ఎప్పుడు వెడ్తరో అడుగు" అంది.

సంహిత ఫోన్లు ఒక్కొక్కటీ సంచిలో వేసుకుంది. చాప చుట్టింది. "రెండుసార్లు చెరిపి రాసిన మేడం. నాకు చదువు రాదనుకున్న" అంది. గొంతు పెంచలేదు. మూడో సీము వైపు వెళ్లిపోయింది.

నమోదు 11 – శుక్రవారం

కలుపు దారిలో వినోద ఎదురైంది. ఈసారి నేనే ముందు దీపం ఎత్తాను.

"గాలి ఎట్లుంది వినోదా?"

ఆమె ఆగింది. కొత్త మలుపు దగ్గర గాలి బాగుందని, నీళ్లు జానెడు పెరిగాయని, ఎడమ పక్క పైకప్పు ఇంకా కుదురుకోలేదని, తల వంచుకుని నడవమని అంతా వివరంగా చెప్పింది. నేను మా దారి సంగతి చెప్పాను. "సునంద మంచిగున్నది. పాలు పడ్డయ్" అని కూడా చెప్పి వెళ్లిపోయింది. ఒక్క దెప్పు లేదు. దెప్పితే నాకు కాస్త తేలికయ్యేది. ఆ మంచితనం కూడా నాకు గిట్టలేదు. ఏం చేయను, నా బుద్ధి అంత తొందరగా మారే రకం కాదు.

నా జేబులో ఫోన్ బరువు మారలేదు గానీ, తీసి చూస్తే ఆరో పాఠం, ఏడో పాఠం, ఎనిమిదో పాఠం వచ్చి ఉన్నాయి. నడుస్తూ విన్నాను. బాగా చెప్పింది.

నమోదు 12 – ఆ పై బుధవారం

సంహిత వచ్చింది. పని మీద వచ్చానన్నట్టు నిలబడే మాట్లాడింది. గోడ మీద పాత గుండ్రాల పక్కన కొత్తవి గీసింది. ఇక మీదట ఏ సీములోనైనా రెండు రోజుల పాటు కొత్త పాఠం రాకపోతే ఫోనే ఆ సంగతి చెబుతుంది. దారులు, బోర్డుల సంగతులు పాఠాల్లో కలపకుండా వేరేగా, ముందుగా పోతాయి.

"మనుషులు ఆగుతరని రాసుకున్న గని, అలుగుతరని నా ప్లాన్‌ల రాసుకోలే. రాసుకోవాల్సుండె" అంది.

"ఆగకున్నా పాఠం పోయేటట్టు చెయ్యరాదా?" అని అడిగాను.

"చెయ్యొచ్చు. వినోదక్క వద్దన్నది. పాఠం పోతే చాలదు, గాలి సంగతి కూడ పోవాలె గద అన్నది."

నేనూ అదే అనేదాన్ని. ఆమె నాకన్నా ముందు అంది. చాయ్ తాగుతావా అని అడిగితే సంహిత తల అడ్డంగా ఊపింది. తర్వాత ఏమనుకుందో, గుమ్మం దాకా పోయి, "గటుక ఉంటే జర పెట్టుండ్రి మేడం" అంది. పెట్టాను. నిలబడే తింది.

నమోదు 13 – ఆదివారం

ఆరో సీము మొగలో పోశవ్వ ఎదురైంది. ఒంటరిగా వస్తోంది. చేతిలో దీపం ఉంది. ఇప్పుడది అప్పు దీపం కాదు, ఆమె పేరు చెక్కిన సొంత దీపం. నిన్ననే పరీక్ష అయింది. కొత్త బోర్డులన్నీ వినోద పాఠాలు విని నేర్చుకుంది. రోజూ నా దగ్గర కూర్చుని అప్పజెప్పింది. రెండూ చేసింది.

నన్ను చూసి ఆగింది. దీపం ఛాతీ దాకా ఎత్తింది. ఎత్తడం కొత్త కదా, కాస్త ఎక్కువే ఎత్తింది, వెలుగు నా కళ్లలో పడింది.

"గాలి ఎట్లున్నది పంతులమ్మా?"

"బాగుంది. పుట్టగొడుగుల మడుల దగ్గర కొంచెం ఉక్క" అన్నాను. ఆమె తన దారి సంగతి చెప్పింది. అప్పుడు అడిగాను, మనవరాలిని చూడటానికి నేను రావచ్చా అని. ఇన్ని రోజులూ ఆ ఇంటి వైపు పోవడానికి నాకు మొహం చెల్లలేదు.

పోశవ్వ కాసేపు నన్నే చూసింది. "రా" అని వెనక్కు తిరిగి, వచ్చిన దారినే మళ్లీ నడిచింది.

కాన్పు రోజు పరుగులో దారి చూసుకోలేదు. కొత్త మలుపు తర్వాత రెండు చీలికలున్నాయని ఈ రోజే తెలిసింది. నా చేతిలోనూ దీపం ఉంది, బోర్డులు చదవడం నాకూ వచ్చు. ఏది ఎటు పోతుందో మాత్రం తెలియదు. పోశవ్వ ప్రతి బోర్డు దగ్గరా ఆగి, వేలు పెట్టి బయటికి చదివి, ముందుకు కదిలింది. తొందరపెట్టకుండా నిలబడ్డాను.

"పిల్లకు పేరు వెట్టుకున్నరా?" అని అడిగాను.

"వెట్టుకున్నం. వినోద" అంది. వెనక్కి తిరగలేదు. "కాన్పుల నా బిడ్డ చెయ్యి వట్టుకున్నది గదా. సునందనే అన్నది, ఆ పేరే పెడ్త అని."

ఆ చెయ్యి పట్టుకోవాల్సింది పోశవ్వ. ఆ చోటును వినోదకు అప్పజెప్పింది నేను, నా ఈ చేతులతో దీపం దించుకుని. అయినా ఆ పేరు వినగానే నాకు మండింది. రాయక తప్పదు, మండింది. ఇకమీదట ఆ ఇంట్లో రోజుకు నూరుసార్లు ఆ పేరు పిలుస్తారు.

"మంచి పేరు" అన్నాను.

దారి పల్లానికి దిగింది. గోడ వారగా నల్లటి నీళ్లు. ఆ రోజు ఆమె మా కోసం కూర్చున్న చోటు ఈ గోడకు అవతలే. పోశవ్వ ఆగి, నాకు నేల కనబడేట్టు దీపం కిందికి పట్టుకుంది.

"గిక్కడ జారుతది పంతులమ్మా. నా అడుగులనే అడుగెయ్యి" అంది.

అలాగే వేశాను.